సుబ్బాయమ్మ గారి ఎత్తు

దుర్గాశ్రీ నోటికి రాని మాట ఒకటుంది. "కుదరదండి." ఇరవై మూడేళ్ళొచ్చినా ఆ పిల్లకి ఆ ఒక్క మాటా పట్టుబడలేదు. ఎవరేం అడిగినా "సరేనండి, నేను చూసుకుంటాను" అనేస్తుంది. అన్నాక చూసుకుంటుంది కూడా, అదే వచ్చిన చిక్కు. మొదట్లోనే ఎక్కడో ఒకచోట బోర్లా పడి ఉంటే, ఎవరో ఒకరు నాలుగు చీవాట్లు పెట్టి ఇంట్లో కూర్చోబెట్టేవారు.

ధవళేశ్వరానికి ఎగువన, గోదావరి గట్టు పక్కనే వాళ్ళ ఊరు. పగలు రాజమండ్రిలో ఒక కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం. సాయంత్రాలు వాలీబాల్. మురళీకృష్ణ గారని ఒక డ్రిల్లు మాస్టారు నడిపే అమ్మాయిల జట్టులో నెట్ దగ్గర ఆమె ఎగిరిందంటే అవతలి పిల్లలకి బంతి కనపడదు, ఆమె చేతులే కనపడతాయి. కార్తీకమాసం వస్తే రేవులో సేవ. ఇవి చాలవన్నట్టు బస్సులో కూర్చుని క్రోషే లేసు అల్లకం. వీటన్నిటికీ ఫోన్లో ఒక టైమ్‌టేబుల్ ఉంది. ఆటకి ఆకుపచ్చ, సేవకి నీలం, లేసుకి పసుపు. నిద్రకి మాత్రం ఏ రంగూ లేదు.

లేసు నేర్పింది సుబ్బాయమ్మ గారు. నరసాపురం ఆడపడుచు. డెబ్బై ఏళ్ళ మనిషి, కొడుకు దగ్గర ఉంటారు, గట్టు దిగగానే రెండో ఇల్లు. మనిషి బాగా పొట్టి. దుర్గాశ్రీ పక్కన నిలబడితే ఆవిడ తల ఈమె భుజానికి అందదు. ఊళ్ళో పిల్లలు దానికి నవ్వుకుంటారు గానీ, రేవులో ఆవిడకున్న మర్యాదంతా ఆ పొట్టితనం వల్ల వచ్చిందే.

ఎలాగంటే, కార్తీక సోమవారాల్లో తెల్లవారకముందే ఆడవాళ్ళు స్నానాలు చేసి, అరటి డొప్పల్లో దీపాలు వదులుతారు. ఒడ్డున వదిలితే దీపం తిరిగి కాళ్ళ దగ్గరికే వస్తుంది. నీటివాలులో పడాలంటే కాస్త లోపలికి వెళ్ళాలి. ఎంత లోపలికి వెళ్ళొచ్చో తెలియడానికి ఎర్రగుడ్డ కట్టిన వెదురు కర్రలు పాతుతారు. ఆ కర్రలు ఎక్కడ పాతాలో ఏ టేపూ చెప్పదు. సుబ్బాయమ్మ గారు చీర బిగించి నీళ్ళలోకి దిగి, నీళ్ళు తన గుండెలకి తగిలిన చోట ఆగి, "ఇక్కడ పాతండమ్మా" అంటారు. అంతే. అందరికంటే పొట్టి మనిషికి సరిపోతే అందరికీ సరిపోయినట్టే.

కొలత ఏ సోమవారానికి ఆ సోమవారం తెల్లవారుజామునే జరగాలి. ముందురోజు కొలిస్తే పనికిరాదు. గోదావరి రాత్రికి రాత్రి మూరెడు పెరుగుతుంది, ఎందుకు పెరిగావని ఎవరూ అడగలేరు. కర్రలూ పడవా అచ్చిబాబువి. చేపలు పట్టుకునే మనిషి, ఊళ్ళో అంత ఈతగాడు లేడు. సుబ్బాయమ్మ గారిని నిలబెట్టి కొలత చూడటం దుర్గాశ్రీ పని, పాతడం అచ్చిబాబు పని. రెండేళ్ళుగా ఇలాగే నడుస్తోంది.

ఆ మూడో సోమవారానికే వచ్చింది పేచీ. ఇంకో వారంలో భీమవరంలో పోటీ పెట్టుకుని, "సోమవారం పొద్దున్న అయిదింటికల్లా అందరూ గ్రౌండులో ఉండాలి" అన్నారు మురళీకృష్ణ గారు. "సరేనండి" అంది దుర్గాశ్రీ. రేవులో కూడా సరేనండి అని ఉంది. ఆకుపచ్చా నీలమూ ఒకే గడిలో పడ్డాయి.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి, ప్రాక్టీసుకి వెళ్తూ వెళ్తూ రేవులో ఆగింది. అచ్చిబాబు కర్రలు పడవలోనే ఉన్నాయి, అతను లేడు. జెర్సీ మీదే నీళ్ళలోకి దిగింది. సుబ్బాయమ్మ గారిని పిలవాలంటే ఆవిడ వచ్చి, చీర బిగించి, గంగమ్మకి దండం పెట్టుకుని దిగేసరికి అరగంట. అంత వ్యవధి ఎక్కడిది? ఆవిడ గుండెలంటే నాకు నడుం పైన ఇంత, అని చేత్తో తన ఒంటి మీదే కొలుచుకుంది. కర్రలు పాతి, ఎర్రగుడ్డ ఊడిపోయిన ఒక కర్రకి జడకున్న రిబ్బను తీసి ముడేసి, తడి బట్టలతోనే స్కూటీ ఎక్కింది.

మర్నాడు నాలుగుంబావుకి అచ్చిబాబుకి ఫోన్ చేసింది.

"బాబాయ్, కర్రలు పాతేశాను. నాకు ప్రాక్టీసుంది, వెళ్ళిపోతున్నా."

"మీరొక్కరే పాతారా అమ్మాయిగారూ? మామ్మగారిని నిలబెట్టి కొలిచారా అండి?"

"ఆ, కొలిచాను బాబాయ్."

ఒక్క మాట. ఎంతసేపు పట్టింది ఆ మాట అనడానికి? స్కూటీ తాళం తిప్పినంతసేపు కూడా పట్టలేదు. ఆమె ఇప్పుడే పాతిందనుకున్నాడు అచ్చిబాబు, కొలిచే పాతిందనుకున్నాడు.

ఏడున్నరకి ప్రాక్టీసు అయ్యాక సంచిలోంచి ఫోన్ తీస్తే పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. దుర్గాశ్రీ స్కూటీ రేవు వైపు తిప్పింది.

రేవు చేరేసరికి అంతా అయిపోయింది. దీపం రెండు చేతులా పట్టుకుని కర్ర వైపు నడుస్తూ సుబ్బాయమ్మ గారు మునిగిపోయారట. పక్కనున్న ఆడవాళ్ళు కేకలేశారట. అచ్చిబాబు పడవలోంచి దూకి, రెండుసార్లు మునిగి లేచి, మూడోసారి జుట్టు పట్టుకుని పైకి లాగాడట. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయాయని రాజమండ్రి తీసుకెళ్ళారు. ప్రాణానికి ఫరవాలేదని కొడుకు ఫోన్ చేశాడు.

రేవు కమిటీ పెద్ద సత్తిరాజు గారు మెట్ల మీద నిలబడి ఉన్నారు.

"చూశావామ్మా, నువ్వొక్క పూట లేకపోతే ఏమైందో! ఆ అచ్చిబాబుగాడు కర్రలెక్కడ పాతాడో వాడికే తెలీదు. శనివారం యానాం వెళ్ళి తాగొచ్చాడంట. ఇంకేం చెప్పమంటావు?"

యానాం వెళ్ళొచ్చే వాళ్ళ పేర్లు రాయడం మొదలుపెడితే కమిటీలో సగం మంది అందులో తేలతారు. సరే, వాళ్ళు కార్లలో వెళ్తారు కాబట్టి అది లెక్కలోకి రాదు. అచ్చిబాబు పడవ పక్కన ఇసకలో తడిబట్టలతో కూర్చుని ఉన్నాడు. ఎవరూ అతనికి తువ్వాలైనా ఇవ్వలేదు. అతను ఒక్కసారి దుర్గాశ్రీ వైపు చూసి తల దించుకున్నాడు.

"అది కాదండీ..." అంది దుర్గాశ్రీ.

"నువ్వెందుకమ్మా బాధపడతావు? నువ్వసలు లేవు కదా," అన్నారు సత్తిరాజు గారు.

లేవు కదా. ఆ మాట దొరికింది ఆమెకి. మునిగేవాడికి పడవ అంచు దొరికినట్టు పట్టేసుకుంది. నోరు మూసుకుని ఇంటికెళ్ళింది, తల స్నానం చేసింది, షాపుకి వెళ్ళింది, వచ్చినవాళ్ళకి ఫ్రేములు చూపించింది. అచ్చిబాబు ఇంకెప్పుడూ రేవు పనికి రాకూడదని ఆ సాయంత్రమే రేవు వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది. కింద ఇరవై మంది దండాలు పెట్టారు. దుర్గాశ్రీ పెట్టలేదు. పెట్టకపోవడం ఒక మంచిపనిలా రెండు రోజులు మనసుకి చెప్పుకుంది, సిగ్గులేకపోతే సరి.

గురువారం ఆసుపత్రికి వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేకపోయింది. మంచం మీద సుబ్బాయమ్మ గారు ఇంకా చిన్నగా కనపడ్డారు. కొడుకు కాఫీకి వెళ్ళాడు.

"లేసు ఎంతవరకు వచ్చిందే?" అన్నారావిడ, గొంతు బొంగురుగా.

దుర్గాశ్రీకి ఏడుపు ముంచుకొచ్చింది. "మామ్మగారూ, ఆ కర్రలు అచ్చిబాబు బాబాయ్ పాతలేదండి."

"తెలుసు."

దుర్గాశ్రీ తల ఎత్తింది.

"ఆదివారం సాయంత్రం నువ్వు నీళ్ళలో ఉన్నప్పుడు గట్టు మీదే ఉన్నానమ్మా. కర్రలు చేత్తో పట్టుకున్నావు కదా, నన్ను పిలుస్తావేమోనని ఇంట్లోకెళ్ళి పాత చీర కట్టుకుని వచ్చి కూర్చున్నాను. బండెక్కి వెళ్ళిపోయావు." ఆవిడ దగ్గారు. దగ్గు ఆగాక మళ్ళీ అందుకున్నారు. "పొద్దున్న వచ్చి సరిచేస్తావులే అనుకున్నాను. నీళ్ళు మెడ దాకా వచ్చినప్పుడు కూడా, కర్ర ఇంకా ముందుంది కదా, నా ఎత్తు దుర్గకి తెలీదా ఏంటి, గుర్తుపెట్టుకునే పాతుంటుంది అనుకున్నాను. రెండేళ్ళు నన్నే కొలిచావు కదా."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ పెద్దావిడ తన మెడ దాకా వచ్చిన నీళ్ళని కాదని దుర్గాశ్రీ పాతిన కర్రని నమ్మారు. దుర్గాశ్రీ మంచం పట్టీ పట్టుకుని కూర్చుండిపోయింది.

"మీ అబ్బాయికి ఎందుకు చెప్పలేదండి?"

"నువ్వు చెబుతావని," అన్నారు సుబ్బాయమ్మ గారు, కళ్ళు మూసుకుని.

అక్కణ్ణించి తిన్నగా అచ్చిబాబు ఇంటికి వెళ్ళింది. అతను అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. అతని భార్య బేబీ ఈమెని చూసి పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఎప్పుడొచ్చినా మంచినీళ్ళయినా ఇవ్వకుండా పంపని మనిషి.

"బాబాయ్, నేను అబద్ధం చెప్పాను. మామ్మగారిని కొలవలేదు. కర్రలు ముందురోజు పాతినవి."

"కర్ర పీకినప్పుడే తెలిసిందండి. దానికి మీ రిబ్బనుంది." అతను లోపలికి కేకేస్తే బేబీ ఆ రిబ్బను తెచ్చి అరుగు మీద పడేసింది.

"మరి చూపించలేదేం అందరికీ?"

అచ్చిబాబు నవ్వాడు. అందులో నవ్వేమీ లేదు. "ఎవరికి చూపించమంటారండి? తాగుబోతు వెధవ ఆడపిల్ల మీదకి నెడుతున్నాడంటారు. మీరు చెబితే ఒక మాటండి, నేను చెబితే ఒక మాట." మళ్ళీ వల అందుకున్నాడు. "నన్ను రావొద్దన్నారు, సరే. నా కూతురు బడిలో కూడా అంటున్నారంటండి, మీ నాన్న ముసలమ్మని ముంచేశాడని. అదే పడుకోనివ్వట్లేదు."

దుర్గాశ్రీ అక్కడే, ఆ అరుగు ముందు నిలబడి, గ్రూపులో రాసింది. కర్రలు పాతింది నేను. ఆదివారం సాయంత్రమే పాతాను. సుబ్బాయమ్మ గారిని కొలవలేదు. కొలిచానని అచ్చిబాబు గారికి అబద్ధం చెప్పాను. ఆయన తప్పు ఏమీ లేదు. ఆయనే మామ్మగారిని బతికించారు. రెండుసార్లు తప్పులు దిద్దుకుని పంపింది.

నూట పన్నెండు మంది ఉన్న గ్రూపు. పది నిమిషాలకి సత్తిరాజు గారు ఫోన్ చేశారు.

"ఏంటమ్మా ఇది? నీకేమైనా మతిపోయిందా? ఇవన్నీ గ్రూపులో పెడతారా ఎవరైనా? అయిపోయిందేదో అయిపోయింది. ముందు ఆ మెసేజి తీసెయ్యి. రేపు కమిటీకి చెడ్డపేరు."

"కుదరదండి," అంది దుర్గాశ్రీ.

ఇరవై మూడేళ్ళకి మొదటిసారి అన్న మాట, ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆ రాత్రికి ఆమెని గ్రూపులోంచి తీసేశారు. ఆదివారం మురళీకృష్ణ గారికి ఫోన్ చేసి, సోమవారం పొద్దున్న భీమవరం బస్సెక్కలేనని చెప్పింది. ఆయన చాలాసేపు అరిచారు. ఆయన కోపం న్యాయమైనదే. ఆరు నెలలు జట్టంతా కష్టపడింది, ఒక్క ఈమె వల్ల అదంతా పాడవ్వాలా?

నాలుగో సోమవారం నాలుగింటికి రేవుకి వెళ్ళింది. ఎవరూ రమ్మనలేదు. అచ్చిబాబూ వచ్చాడు, అతన్నీ ఎవరూ రమ్మనలేదు. సత్తిరాజు గారు పైమెట్టు మీద నిలబడి చూశారు, పొమ్మనడానికి నోరు రాలేదు. కమిటీ వాళ్ళు ఎవరినో పెట్టి అప్పటికే కర్రలు పాతించారు. కానీ ఆడవాళ్ళు ఎవరూ దిగట్లేదు. మెట్ల మీదే కూర్చుని చెంబులతో నీళ్ళు పోసుకుంటున్నారు. వదిలిన దీపాలన్నీ తిరిగి వాళ్ళ కాళ్ళ దగ్గరే చేరి ఆరిపోతున్నాయి. దుర్గాశ్రీని చూసి ఇద్దరు ముగ్గురు పక్కకి జరిగారు.

అప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుని సుబ్బాయమ్మ గారు వచ్చారు. శాలువా కప్పుకుని రెండో మెట్టు మీద కూర్చున్నారు. డాక్టరు నీళ్ళలో కాలు పెట్టొద్దన్నాడట. ఆ కర్రల వంక కాసేపు చూసి, "ఎవర్ని కొలిచి పాతారర్రా అవి?" అన్నారు.

"అచ్చిబాబూ, పీకెయ్యి. దుర్గా, నువ్వు దిగు."

దుర్గాశ్రీ దిగింది. చలికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. నీళ్ళు నడుం దాటిన చోట ఆగి వెనక్కి చూసింది. పక్కన అచ్చిబాబు కర్ర ఎత్తి పట్టుకుని ఉన్నాడు, మెట్ల మీద ఆడవాళ్ళందరూ చెంబులు దించి చూస్తున్నారు.

"అలా కాదే. నా ఎత్తుకి రా."

దుర్గాశ్రీ మోకాళ్ళు వంచింది. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. ఇక్కడే కదండీ అన్నట్టు చూసింది.

సుబ్బాయమ్మ గారు తల అడ్డంగా ఊపారు.

"ఇంకా వంగమ్మా. నేనంత పొడుగు లేను."