ఒక్కరికి సరిపడే గది

“ఏమోయ్, ఇల్లు మారుతున్నావా? మాకు చెప్పనేలేదు!” అన్నారు మా ఆయన, సోఫాలో కూర్చునే.

నేను దుప్పటి మడతపెడుతున్నాను. ఇద్దరు పట్టుకోవలసినంత పెద్దది. ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బారలు చాచి, మూలలు కలుపుతున్నాను. ఆయన చేతిలో టాబ్లెట్ ఉంది. అది ఇంట్లో అందరిదీ. నేను పాఠాలు చెప్పే స్కూలు కబుర్లు అందులోనే వస్తాయని నా అకౌంట్ ఎప్పుడూ తెరిచి ఉంటుంది. అత్తయ్య వీడియోలు చూసేదీ అందులోనే.

“‘ఒంటరి మహిళలకు గదులు. ఒక్కరికి సరిపడే గది. ప్రశాంతం, భద్రం’” అని వార్తలు చదివేవాడిలా గొంతు సవరించుకుని చదివారు. “దాని కింద ఇంకోటి. దాని కిందా అదే. అమ్మా, నీ కోడలు మనకి చెయ్యిస్తోందే!”

“అదేంటమ్మాయ్, ఇంతమందిమి ఉండగా నువ్వు ఒంటరిదానివెలా అవుతావు?” అన్నారు అత్తయ్య.

“ఏదో ప్రకటన. నాకేం తెలుసు?” అన్నాను.

నాకు తెలుసు. ఆ ‘ఒంటరి’ అన్న మాట నేను ఒక్క మనిషికే రాశాను. అక్కకి. అక్క పోయాక.

అక్క ఉన్నప్పుడు మేమిద్దరం రోజూ రాసుకునేవాళ్ళం. ఫోన్లో మాట్లాడుకుందామంటే ఆ ఇంట్లో ఆవిడకీ ఈ ఇంట్లో నాకూ పక్కన ఎవరో ఒకరు ఉండేవారు. అందుకని అదే అకౌంట్‌లో, నా ఫోన్లోంచి రాతలు. కూర మాడింది, బావ అలిగాడు, ఎనిమిదో తరగతి వాళ్ళు ‘వాడిక’కి ‘వేడుక’ అని రాశారు, ఇలాంటివి. అక్క పోయిన తర్వాత కూడా ఆవిడ పేరు పక్కన చిన్న బొమ్మ నవ్వుతూనే ఉంది. ఆ డబ్బా తెరిస్తే ఏమైనా రాయండి అన్నట్టు ఖాళీ గీత కనబడేది. రాశాను. చదివేవాళ్ళు లేరన్న ధైర్యంతో, ఇంతకుముందు అక్కకు కూడా చెప్పనివి రాశాను.

మాది రెండు గదులూ, హాలూ ఉన్న ఇల్లు. ఒక గది అత్తయ్యది. రెండోది మాది అంటాం కానీ, ఆయన ఇంటినుంచే పనిచేస్తారు కనుక పగలంతా దాని తలుపు వేసి ఉంటుంది. లోపల మీటింగు. నేను పిల్లల పేపర్లు దిద్దుకునేది భోజనాల బల్ల మీద, అందరూ తిని లేచాక, బల్ల తుడిచి ఆరబెట్టాక. తడి ఉంటే సమాధాన పత్రాలు అంటుకుంటాయి. ఇంట్లో తలుపు వేసుకోవడానికి నాకు మిగిలింది స్నానాలగది. అక్క కోసం మొదటిసారి ఏడ్చింది అక్కడే, కుళాయి తిప్పి. కాసేపటికి అత్తయ్య తలుపు తట్టారు. “నీళ్ళు వృథాగా పోతున్నాయేమో చూడమ్మాయ్.” ఆవిడ చెడ్డగా అనలేదు. అక్క పోయిన సంగతి మరచిపోయీ అనలేదు. నీళ్ళ చప్పుడు వినబడింది, అన్నారు. నేను కుళాయి కట్టేసి, మొహం తుడుచుకుని వచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను.

మా ఆయన కొన్నాళ్ళు ఓపిక పట్టారు. తర్వాత ఒకరోజు, “జరిగిందేదో జరిగింది. ఇక మామూలు మనిషివి కావాలి నువ్వు” అన్నారు. మామూలు మనిషంటే అడిగినప్పుడు కాఫీ ఇచ్చే మనిషని నాకర్థమైంది. అయ్యాను.

స్కూల్లో కంప్యూటర్ మాస్టారు ఈ ఏడే చేరారు. ఎవరి సంగతులూ ఇంకా తెలియవు. మర్నాడు విరామంలో ఆయన్ని అడిగాను, మనం మన మనిషికి రాసుకున్నది ప్రకటనలవాళ్ళకి ఎలా తెలుస్తుందని.

“చదివే తెలుసుకుంటారని లేదు మేడమ్. మీరు ఏ బొమ్మ దగ్గర ఆగారు, ఏ పేజీ మళ్ళీమళ్ళీ తెరిచారు, ఇంట్లో సందడిగా ఉన్న వేళ మీరెక్కడ తిరుగుతున్నారు, అన్నీ చూస్తారు. మనం ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కిన షరతుల కాగితంలో రాతలు కూడా చూస్తామని ఉంటే, రాతలూ చూస్తారు. మీరు చదివారా అది?”

ప్రశ్న పూర్తిగా చదివాకే జవాబు రాయమని పిల్లలకు రోజూ చెబుతాను. “లేదు” అన్నాను.

“ఎవరూ చదవరు లెండి. రెండువైపులా తీసుకునే మధ్యవర్తి అనుకోండి వాడిని. మన దగ్గర కబుర్లు తీసుకుంటాడు, అమ్మేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుంటాడు. ఇంతకీ రాసింది ఎవరికి?”

“మా అక్కకి.”

“అయితే ఆవిడకీ వస్తుంటాయేమో ఈ ప్రకటనలు. ఒకసారి కనుక్కోండి.”

“కనుక్కుంటాను” అన్నాను. గంట కొట్టారు.

ఆ పీరియడులో పిల్లలు చూచిరాత రాస్తుంటే నాకు టోపీ గుర్తొచ్చింది. వైద్యం మొదలయ్యాక జుట్టు రాలిపోతోందని అక్క రాసింది. ఆ వారమే నాకు మెత్తటి నూలు టోపీల బొమ్మలు కనబడడం మొదలైంది. నీలం రంగుది తెప్పించి అక్కకి పంపాను. “నాకిది కావాలని నీకెలా తెలిసిందే!” అని రాసింది అక్క. “చెల్లెల్ని కదా” అని రాశాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఏదీ రాయలేదు. ఇప్పుడు చూస్తే, తెలిసింది నాకు కాదు. మా అక్క జుట్టు రాలుతోందన్న కబురు ఎవరికో పనికొచ్చింది. చేరవేసినదాన్ని నేను.

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని అడుగున, చెప్పుకోడానికి సిగ్గేసే సంగతి ఒకటుంది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా నాకు ఏం కావాలని అడిగినవాళ్ళు లేరు. ఆ యంత్రం లాభం కోసమే అయినా నా వైపు చూసింది. నేను ఎక్కడ ఆగానో గమనించింది. ఇక్కడ లాభం లేదు గనుక ఎవరూ చూడలేదో, లేక నేను కనబడకుండా పనిచేయడమే వాళ్ళ లాభమో, నాకు తేలలేదు.

ఇంటికి వచ్చేసరికి కబురు ఊరు దాటింది. అత్తయ్య ఫోన్లో కూతురితో మాట్లాడుతూ నన్ను చూసి ఫోను నాకిచ్చారు.

“ఏం వదినా, గదులు వెతుక్కుంటున్నావట! మా అన్నయ్య అంత రాచిరంపాన పెడుతున్నాడా?” అని ఆడపడుచు పకపకా నవ్వింది. “వెళ్తే వెళ్ళావుగానీ, అమ్మ మందుల వేళలు మాత్రం గోడ మీద రాసిపెట్టి వెళ్ళు తల్లీ!”

నవ్వాను. నవ్వడం అలవాటు. ఫోను తిరిగి ఇచ్చేటప్పటికి మా ఆయన గదిలోంచి బయటకు వచ్చారు. ఆయన మొహంలో నిన్నటి హాస్యం లేదు.

“ఇది నలుగురి నోళ్ళలో పడుతోంది. పొద్దున్న మా ఆఫీసు మీటింగులో ఈ టాబ్లెట్ తెర చూపిస్తుంటే అందరి ముందూ మళ్ళీ అదే ప్రకటన. నీ అకౌంట్ తీసేస్తాను, పీడా పోతుంది.”

“అందులో అక్క రాతలున్నాయి” అన్నాను.

“ఉంటే? మనిషే లేనప్పుడు రాతలేం చేసుకుంటావు?” అన్నారు. అన్నాక కొంచెం తగ్గారు. “పోనీ ఇలా చెప్పు. ఆ యంత్రానికి మన భాష రాదు. నువ్వేదో రాశావు, అది ఇంకేదో అర్థం చేసుకుంది. అంతేగా? అంతే అయితే అమ్మకీ, చెల్లాయికీ అదే చెబుతాను. అకౌంటూ ఉంచుతాను.”

మంచి బేరం. ‘అంతే’ అన్న రెండక్షరాలు చాలు. అత్తయ్య ఫోను చెవికి దూరంగా పట్టుకుని నా వైపు చూస్తున్నారు. అవతల ఆడపడుచు కూడా వింటూనే ఉండి ఉంటుంది. ఇంట్లో నా మాట కోసం ముగ్గురు ఒకేసారి ఆగడం నేనెరగను.

చెయ్యి చాచి టాబ్లెట్ తీసుకున్నాను. ఆయన వదిలేశారు.

“మీరన్నది నిజమే. దానికి భాష రాదు” అన్నాను. “అక్కకి నేను రాసింది, ‘ఇంతమందిలో నాకు ఒంటరిగా ఉంది’ అని. అది ‘ఒంటరిగా ఉండాలనుంది’ అని చదువుకుంది. ఇన్నేళ్ళుగా పిల్లలకి క్రియాపదాలు చెబుతున్నాను, ఆ రెంటికీ తేడా నాకు తెలుసు.”

“చూశావా, నే చెప్పలా!” అని మా ఆయన అత్తయ్య వైపు తిరిగారు, తేలికపడిన మొహంతో.

“పూర్తి కాలేదు” అన్నాను, క్లాసులో చెప్పినట్టే, గొంతు పెంచకుండా. “రేపు స్కూలు అయ్యాక గది చూడడానికి వెళ్తున్నాను. ఆ యంత్రం చేసిన తప్పు నేను దిద్దదలచుకోలేదు.”