అన్నిటికీ యెస్ సార్

శేషాచలానికి రోగుల మీద జాలి లేదు. ఆయన పనికి జాలితో అవసరమూ లేదు. గల్ఫ్‌లో, అల్ సద్‌లోని ఒక ఆసుపత్రిలో కూర్చుని, ఇంటికి పంపేసిన రోగుల ఫైళ్ళు చదివి, ఇన్సూరెన్సువాళ్ళ కోసం ఏ జబ్బుకు ఆ కోడ్ తగిలిస్తాడు. ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. పెళ్ళాం పోయాక ఆ ఉద్యోగంలో ఆయనకు నచ్చింది అదొక్కటే.

ఆ రోజు వచ్చిన ఫైలు మాత్రం తెలిసినవాడిది. హనుమప్ప, కదిరి దగ్గరివాడు, అల్ తుమామాలో ఒక ఇంటి డ్రైవరు. శుక్రవారాలు అల్ మన్సూరాలో ఈయన గదికొచ్చి సంగటి కెలికి పెట్టిపోయేవాడు. బడి గేటు ముందు బండిలోనే స్పృహ తప్పితే వార్డులో చేర్చారు. పంపేటప్పుడు డాక్టరు ‘బహుశా మూర్ఛరోగం’ అని రాశాడు.

వార్డులో ఉండి వెళ్ళిన రోగికి డాక్టరు ‘బహుశా’ అని రాస్తే జబ్బు ఉన్నట్టే కోడ్ వేయాలి. బహుశాకు కోడ్ లేదు. మూర్ఛకు ఉంది. అది ఇన్సూరెన్సు దారిలో యజమానికి తెలిస్తే, పిల్లల్ని తిప్పే బండి తాళం హనుమప్ప చేతిలో ఉండదు.

ఫైలు సంగతి బయట మాట్లాడకూడదు. సాయంత్రం హనుమప్పను పిలిచి మాట్లాడాడు.

“ముందెప్పుడన్నా ఇట్ల పడినావా అని అడిగితే ఏం చెప్పినావు?”

“యెస్ సార్ అంటి.”

“పడినావా?”

“యాడన్నా! ఇదే మొదలు.”

“కాళ్ళు చేతులు కొట్టుకున్నాయా అంటే?”

“దానికీ యెస్ సార్ అంటి. అంత పెద్దాయన అడుగుతాంటే కాదంటే బాగుంటాదా? ఇన్నేండ్లు ఆ ఇంట్లో నో అనకుండానే బతికినా.”

“మరి ఎందుకు పడినావురా?”

“సోమవారం ఒక్కపొద్దు కదన్నా. నీళ్ళు గూడా తాగలే. పెట్రోలు దండగని మేడమ్ ఏసీ ఆపమనె.”

“అది చెప్పినావా?”

“అడగలే.”

ఫైల్లో లేనిది కోడర్ రాయకూడదు. డాక్టర్ని ప్రశ్న అడగొచ్చు, జవాబు అందించకూడదు. పడిపోవడానికి కారణం స్పష్టం చేయమని శేషాచలం రాశాడు. రోగిని పిలిపించి మళ్ళీ అడుగుతానని డాక్టరు జవాబిచ్చాడు.

“ఈసారి యెస్ అంటే నా గడప తొక్కొద్దు,” అన్నాడు శేషాచలం. “నో సార్ అను.”

హనుమప్ప మాట తప్పే మనిషి కాదు.

మరునాడు సవరించిన ఫైలు వచ్చింది. ఇంతకుముందు పడ్డావా? లేదు. కాళ్ళు చేతులు కొట్టుకున్నాయా? లేదు. మూర్ఛ కొట్టేశారు. డాక్టరు అక్కడితో ఆగలేదు. ఆ రోజు తిండి మానావా? లేదు. ఎండకు ఉడికిపోయావా? లేదు. ఇప్పుడు బండి నడపగలవా?

లేదు.

‘కారణం తెలియకుండా స్పృహ తప్పడం. నడపలేనని రోగే చెబుతున్నాడు. డ్రైవింగ్ వద్దు.’

శేషాచలం కోడ్ వేశాడు. సరైన కోడే.

శుక్రవారం హనుమప్ప వచ్చాడు, ఊరికి పంపించేస్తున్నారని చెప్పిపోవడానికి.

“ఒక్కదానికీ యెస్ అన్లేదన్నా. ఇంకోసారి పోయి, నడపగలనని చెప్పేదా?”

“టికెట్ తీసేసినారా?”

“తీసేసినారు.”

“అయితే వద్దులే.”

హనుమప్ప ఆ పూటా సంగటి కెలికాడు. శేషాచలం తిన్నాడు. ఉప్పు తక్కువైందన్నాడు.