ఆవకాయల గదిలో స్పీకరు

ముప్పై రెండేళ్ళ కాపురంలో లక్ష్మీనరసమ్మకి తనదంటూ మిగిలింది రోజుకి ఒక్క గంట. మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా. పాత ఇంట్లో వంటగది వెనక ఆవకాయ జాడీలు పెట్టుకునే గదిలో ఒక నులక మంచం ఉండేది. తలుపేసుకుని దానిమీద వాలిందంటే, ఆ గోడల మందానికి బయట కొంప కూలినా వినపడేది కాదు. ఆ గంటసేపూ ఆవిడ ఏం చేసేదని మాత్రం అడక్కండి. ఏమీ చేసేది కాదు. అందుకే ఆ గంటంటే ప్రాణం.

మిగతా రోజంతా పిలుపులే. "ఏవండీ, నా కళ్ళజోడు చూశారా?" అని భర్త శ్రీనివాసరాజుగారు. చూసేదేముంది, నెత్తిమీదే ఉంటుంది. "అమ్మాయ్, మజ్జిగ" అని ఎనభై నాలుగేళ్ళ మావగారు శ్రీరామరాజుగారు. "అత్తయ్యగారూ, పప్పుకి కుక్కరు ఎన్ని కూతలు రానివ్వాలండీ?" అని కోడలు కీర్తిప్రియ, నిన్నా మొన్నా అడిగిన ప్రశ్నే. రాజుల ఇళ్ళల్లో మర్యాదకి లోటుండదు, పాకే పిల్లల్ని కూడా "రండి, కూర్చోండి" అంటారు. అయితే మాత్రం? ఎంత మర్యాదగా పిలిచినా లేచి వెళ్ళాల్సిందే కదా. పైగా ఆవిడకో జబ్బుంది. పిలుపు చెవిన పడితే లేవకుండా ఉండలేదు. ఒంట్లో జ్వరమున్నా కాళ్ళు వాటంతటవే నడిచిపోతాయి. అందుకే ఆవిడకి వినపడని చోటు కావాలి, అంతే.

రొయ్యలు వరసగా రెండు పంటలు కలిసొచ్చేసరికి రాజుగారు భీమవరం రోడ్డులో మూడంతస్తుల మేడ మొదలెట్టారు. పెద్ద శ్లాబు వేసిన మర్నాడే కాకినాడలో ఎవరింట్లోనో చూసొచ్చి, "ఏవండోయ్, మన ఇల్లు మాట్లాడాలండీ" అన్నారు.

"ఇప్పుడు ఇంట్లో మాట్లాడేవాళ్ళకి కరువొచ్చిందాండీ?" అంది లక్ష్మీనరసమ్మ.

ఆయన వినే రకమైతే కదా! రాజమండ్రి నుంచి ఫణీంద్ర అనే ఆయన్ని పిలిపించారు. నలభై ఏళ్ళుంటాయి, చెవి వెనక పెన్సిలు, చేతిలో పలకంత ట్యాబు. ఆయన నోటి నుంచి వచ్చే మాట ఒకటే: "ఆయ్, అలాగేనండి." గదిగదికీ సీలింగులో స్పీకరండి. గుమ్మం పక్కన ఇంటర్‌కమ్ పెట్టండి. నోటితో చెప్తే లైట్లూ ఫ్యాన్లూ పాటలూ అన్నీనండి. ప్లాస్టింగు కాకముందే వైర్ల పైపులు వేసేయాలండి, తరవాత గోడలు కొట్టుకోవాలండి. మొత్తం పదిహేను గదులండి.

"అన్నిటికీ పెట్టెయ్యండి. చెరువు గట్టుమీద షెడ్డులో కూడా ఒకటి" అన్నారు రాజుగారు.

ఈ చివరిదాన్ని ఎవరూ కాదనలేరు. రొయ్యలకి నీళ్ళల్లో గాలి ఆడాలంటే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. ముసురు రోజుల్లో కరెంటు పోయి అవి ఆగాయా, అరగంటలో రొయ్యలు తెల్లగా తేలిపోతాయి. గట్టుమీద డీజిలు కాజేస్తున్నారని రాజుగారు జనరేటర్ని ఇంటి వెనక పెట్టించి, దాని తాళం నడుముకి కట్టుకు తిరుగుతారు. చెరువుల కరెంటు లైను వేరు, అది పోయినా ఇంట్లో తెలీదు, గట్టుమీద సెల్‌ఫోను సిగ్నలూ అందదు. కాబట్టి కరెంటు పోతే గట్టుమీదుండే మేస్త్రి చంద్రరావు షెడ్డులో బ్యాటరీ మీద నడిచే మీట నొక్కి మాట్లాడతాడు, ఇంట్లో రాజుగారు ఎక్కడున్నా వింటారు. అదీ ఏర్పాటు.

"ఈ స్టోరు రూములో కూడానాండీ?" అంటూ ఫణీంద్ర ప్లాను మీద ఆవకాయల గదికి చుక్క పెట్టబోయాడు.

"అక్కడ మరీ ముఖ్యం. మధ్యాహ్నం మా ఇంటావిడ అందులో దూరితే గంటసేపు మనుషుల్లో ఉండరు" అన్నారు రాజుగారు, పెద్ద పరిష్కారం కనిపెట్టినవాడిలా.

తన గంట కాస్తా పోయినట్టే అనుకుంది లక్ష్మీనరసమ్మ. అలాగని నలుగురిలో భర్త మాటకి అడ్డు చెప్పే ఇల్లా అది? వంటింట్లోకి వెళ్ళి, చింతచిగురు వేసి రొయ్యలు వండింది. మధ్యాహ్నం రాజుగారు చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు ఫణీంద్ర విస్తట్లో మూడోసారి వడ్డిస్తూ, "ఆ గదిలో వద్దండీ. మా ఇంట్లో వాళ్ళకి చెప్పకండీ" అంది మెల్లిగా.

ఫణీంద్ర ఒకసారి రొయ్యల వంక చూశాడు, ఒకసారి ఆవిడ వంక చూశాడు. "ఆయ్, అలాగేనండి. పైకి స్పీకరు జల్లెడ బిగిస్తానండి, వెనకాల వైరుండదండి. మనిద్దరికే తెలుసండి" అన్నాడు.

ఆ మాటతో లక్ష్మీనరసమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆ మనిషి మేడలో పని చేసిన ఆర్నెల్లూ ఆవిడ వంటలో ఏ లోటూ రానివ్వలేదు.

గృహప్రవేశానికి ఊరూ వాడా దిగారు. ఆవు గడప దాటింది, పాలు పొంగాయి, ఇక ఇల్లు మాట్లాడ్డం చూపించాలని రాజుగారు అందరినీ హాల్లో నిలబెట్టి చంద్రరావుకి కబురు పెట్టారు. సీలింగులోంచి మైకు గరగరలాడింది.

"అయ్యగారండీ, దణ్ణాలండీ, చంద్రరావునండీ. అమ్మగారు బాగున్నారాండీ? పెద్దయ్యగారు టిఫిను చేశారాండీ? అదేనండీ, ఏమనుకోకపోతే ఒక్క మాట చెప్దామనండీ..." టక్. ఆగిపోయింది.

"పది సెకన్లేనండి టైము" అన్నాడు ఫణీంద్ర, నీళ్ళు నములుతూ. ట్యాబులో ఏదో నొక్కి ముప్పై సెకన్లు చేశాడు. ఈసారి చంద్రరావు కోడలిగారి పుట్టింటి వాళ్ళనీ పలకరించాడు, విషయం మాత్రం ఈసారీ మిగిలిపోయింది.

నోటితో లైటు వేయించడం ఇంకో భాగవతం. ఆ యంత్రానికి పెద్దాయన పాపాయి అని పేరు పెట్టారు. పేరు పిలిచి, ఏం కావాలో చెప్తే చాలు. కానీ ముక్కూమొహం తెలీని ఆడగొంతుని పట్టుకుని "లైటు వెయ్" అని రాజులెవరు అనగలరు? "పాపాయిగారూ, మీకేమీ ఇబ్బంది లేకపోతే, ఆ మూలన ఉన్న లైటు కాస్త..." అనేలోపు దానికి ఓపిక అయిపోయి ఊరుకునేది. పెద్దాయనైతే చీకట్లో కూర్చుని, "పాపం, పనిలో ఉన్నట్టుంది" అనేవారు.

మనుషుల్ని పిలవడం మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. ఇదివరకు రాజుగారు కేక వేస్తే రెండు గదులు దాటేది కాదు. ఇప్పుడు మేడమీద మంచంలో పడుకునే మీట నొక్కి, "ఏవండీ, మంచినీళ్ళు" అంటే ఆ మాట పూజగదిలో, పెరటి వరండాలో, మెట్ల మలుపులో ఒకేసారి మోగేది. దేవుడి ముందు కళ్ళు మూసుకుంటే నెత్తిమీద నుంచి కళ్ళజోడు సంగతి వినపడేది. బంధువులు కూడా మరిగారు. తణుకు పిన్నిగారైతే వక్కపొడి కోసం రోజుకి ఆరుసార్లు నొక్కారు. లక్ష్మీనరసమ్మ మూడంతస్తులూ ఎక్కి దిగి, ఎక్కి దిగి, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, "చుట్టాలు వెళ్ళనీ, నా గది నాకుంది" అని ఓర్చుకుంది.

ఎనిమిదో రోజు పొద్దున ఆఖరి చుట్టం కారెక్కింది. మూడు రోజుల్నుంచి ముసురు పట్టి ఎండ మొహం లేదు. లక్ష్మీనరసమ్మ అందరికీ భోజనాలు పెట్టి, వంటిల్లు సర్ది, చెంగుతో మొహం తుడుచుకుని, సరిగ్గా రెండింటికి ఆవకాయల గది తలుపు తోసింది.

నులక మంచమ్మీద శ్రీనివాసరాజుగారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. పేము కుర్చీలో మావగారు, చెవి మిషను తీసి అరచేతిలో పెట్టుకుని. బియ్యం బస్తామీద కోడలు, ఒళ్ళో వారపత్రిక. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా గోడల్ని చూస్తున్నారు.

"మీరేంటండీ ఇక్కడ?" అంది లక్ష్మీనరసమ్మ.

రాజుగారు లేచి కూర్చున్నారు. "అదేనండీ... ఇక్కడొక్కచోటే స్పీకరు పనిచెయ్యదు. నేనే ఫణీంద్రగారికి చెప్పానండీ. ఇద్దరికే తెలుసన్నారు."

"నాకూ అలాగే అన్నారండి అత్తయ్యగారూ" అంది కోడలు, తల దించుకుని. పెద్దాయనకి మాటలు వినపడకపోయినా సంగతి అర్థమైంది. ఆ జల్లెడ వంక చూపించి, ఇద్దరికే అన్నట్టు రెండు వేళ్ళెత్తారు.

అంటే ఆ మహానుభావుడు నలుగురు అడిగితే నలుగురికీ "అలాగేనండి" అన్నాడు. కాదనడానికి నోరు రాలేదు. ఒక్క గదినే నలుగురికి రహస్యంగా కట్టబెట్టి పోయాడు!

లక్ష్మీనరసమ్మకి కడుపు మండిపోయింది. పద్నాలుగు గదుల్లో మైకులు పెట్టించి తనని బొంగరంలా తిప్పిన భర్తగారికి దాక్కోవడానికి తన మంచమే దొరికిందా? ఏడుపొచ్చింది. ఏడిస్తే ముగ్గురూ మర్యాదగా ఓదారుస్తారు, అది ఇంకా పెద్ద గోల. తలుపు ధడాలున మూసి నడవ ఆ చివరికి వెళ్ళి నిలబడింది.

నెత్తిమీద స్పీకరు గరగరలాడింది.

"అయ్యగారండీ, చంద్రరావునండీ. పిలవాలా వద్దా అని ఇందాకటి నుంచీ ఆలోచిస్తున్నానండీ. పడుకున్నారేమోనండీ, లేపుతున్నానని ఏమనుకోకండీ. భోజనాలయ్యే ఉంటాయండీ. ముసురు కదండీ, పెద్దయ్యగారికి ఆయాసం ఎలా ఉందండీ? ఏం లేదండీ, కరెంటు పోయి ఏరేటర్లు ఆగి ఆరు నిమిషాలయిందండీ..." టక్.

పద్నాలుగు ఖాళీ గదుల్లో ఆ మాట మోగి ఊరుకుంది. విన్నది ఆవిడొక్కతే. ఆవిడ కాళ్ళు అలవాటుగా కదిలాయి. అయిదు వేళ్ళతో గుమ్మం పట్టుకుని ఆపుకుంది. అరగంటలో ఆరు నిమిషాలు పోతే ఇంకా ఇరవై నాలుగు ఉన్నాయి. అందులో ఒక్క నిమిషం తనకి కావాలి.

వెనక్కి వెళ్ళి ఆవకాయల గది తలుపు తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"భోజనం బాగా కుదిరిందాండీ?" అంది.

రాజుగారు బిక్కమొహం వేశారు. "కుదిరిందండీ."

"పప్పులో ఉప్పు సరిపోయిందాండీ?"

"సరిపోయిందండీ. ఏంటండీ ఇప్పుడు?"

"చంద్రరావు మాట్లాడాడండీ మైకులో."

రాజుగారు మంచం దిగారు. ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. "ఏమన్నాడండీ?"

"చెప్తానండీ. కుశలాలు అవకుండా విషయం ఎలా చెప్తామండీ? ఈ గది ఎవరిదండీ?"

కోడలికి ముందు వెలిగింది. వారపత్రిక విసిరేసి, "మావయ్యగారూ, అత్తయ్యగారిదేననండీ! తొందరగా అనండీ!" అని అరిచింది. ఆ ఇంట్లో ఎవరైనా అరవగా వినడం అదే మొదలు.

"మీదేనండీ" అన్నారు రాజుగారు.

"వినపళ్ళేదండీ. ఇక్కడ స్పీకరు లేదు కదండీ."

"మీదే! మీదే! మీ పేర రాసిస్తానండీ తల్లీ!"

"రాయక్కర్లేదండీ. తలుపుకి లోపల గొళ్ళెం పెట్టించండి చాలు. కరెంటు పోయి ఏడు నిమిషాలయింది, ఏరేటర్లు ఆగిపోయాయి, పరిగెత్తండి!"

రాజుగారు పంచె ఎగ్గట్టి పరిగెత్తిన పరుగు చూసి తీరాలి. చెవి మిషను పెట్టుకుంటూ వెనకాల పెద్దాయన కూడా నాలుగడుగులు పరిగెత్తారు, ఎందుకో తెలీకపోయినా. జనరేటరు దడదడలాడింది. అప్పటికే గట్టువారకి వచ్చి నోళ్ళు తెరుస్తున్న రొయ్యలు, ఏరేటర్లు తిరగ్గానే మెల్లిగా లోపలికి దిగిపోయాయని చంద్రరావు సాయంత్రం స్వయంగా వచ్చి చెప్పాడు, అందరి క్షేమాలూ కనుక్కున్నాక.

రాజుగారు రాజమండ్రికి ఫోను చేసి, "మీకు బుద్ధుందాండీ?" అని ఫణీంద్రని తగులుకున్నారు. "ఆయ్, లేదండి" అన్నాడు ఆయన. సాయంత్రానికే వడ్రంగి వచ్చి గొళ్ళెం బిగించాడు. చంద్రరావుకి మాట్లాడే మైకు తీసేసి, నొక్కితే కూత పెట్టే మీట ఇచ్చారు. పలకరింపులు లేకుండా కూయడానికి వాడు చాలా సిగ్గుపడ్డాడట.

మర్నాడు రెండింటికి లక్ష్మీనరసమ్మ లోపల గొళ్ళెం పెట్టుకుని నులక మంచమ్మీద వాలింది. అయిదు నిమిషాలు గడిచాయి. బయట ఎవరో దగ్గారు. వాళ్ళ తాతల కాలంలో ఘోషా ఇళ్ళల్లో ఆడవాళ్ళుండే వైపు వచ్చేముందు మగవాళ్ళు దగ్గేవారు. ఈ దగ్గు అలాంటిదే, రాజుగారిది.

"ఏవండీ" అన్నారు తలుపు అవతల నుంచి. "మీకేమీ ఇబ్బంది లేకపోతేనండీ... ఒక్క పావుగంట... కింద చాపమీదైనా సర్దుకుంటానండీ."

పాత ఇంటి గోడలు కావు ఇవి. పైగా ఆయన తలుపు సందుకి నోరు ఆనించి మాట్లాడుతున్నారు. ఆయన ఊపిరి తీసుకోవడం కూడా ఆవిడకి వినపడుతోంది. కాళ్ళు అలవాటుగా మంచం దిగబోయాయి. లక్ష్మీనరసమ్మ వాటిని మళ్ళీ పైకి లాక్కుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది.

పిలుపు చెవిన పడ్డాక కూడా లేవకపోవడం ఆవిడకి ముప్పై రెండేళ్ళలో అదే మొదటిసారి.