చెరుకు బండి దిగిన ఎర్ర అక్షరాలు

తెల్లవారుజామున తాతబ్బాయి ఎర్రరంగు డబ్బా మూత తియ్యకపోతే చోడవరంలో సూర్యుడు తెల్లగా ఉదయించాల్సిందే. చెరుకు బళ్ల వెనక వేలాడే రేకుల మీద, ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఇంగ్లీషులో డేంజర్ అని ఆరక్షరాలు రాయడంలో అతన్ని మించినవాడు ఇటు దేవరాపల్లిలో లేడు. అటు లండన్‌లో ఉన్నా పనికిరాడు.

అతని అక్షరాలకి ఒకటే అలవాటు. రాసిన చోట ఉండవు. ముప్పు ఎక్కడుంటే అక్కడికి నడిచిపోతాయి. నిరుడు ట్రాన్స్‌ఫార్మర్ మీదవి ఆరూ వరసగా దిగి, రోడ్డు దాటి, అచ్చియ్యమ్మ పెరట్లో నూతిగట్టున కూచున్నాయి.

"ఏటో, ఈయేళ డేంజర్ మా ఇంటికొచ్చింది," అని ఆవిడ అక్కడ ఆడుకుంటున్న గుంటల్ని ఇవతలకి లాక్కుంది. సాయంత్రానికి గట్టు కూలింది. మర్నాడు కరెంటోళ్లు వచ్చి అక్షరాల్ని తోలుకుపోయేరు.

ఇంతటి మొనగాడూ కొత్త రేకు పట్టినప్పుడల్లా చర్చి వెనక జ్ఞానకుమారి టీచరు గుమ్మంలో నిలబడి స్పెల్లింగ్ అడిగేవాడు. పదివేలసార్లు రాసిన మాట. పిల్లలకి ట్యూషన్ చెప్పుకునే ఆవిడ పదివేలసార్లూ విసుక్కోకుండా ఒక్కో అక్షరమే చెప్పేది. అలా ఇరవయ్యేళ్లు. ఇద్దరికీ పెళ్లి కాలేదు.

"టీచరుగారూ, అసలీ మాటకి పుట్టిల్లేటండీ?" అని ఓసారి అడిగేడు.

"ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని వేరు లాటిన్‌లో, దొర అన్న మాటలో ఉంది. మొదట్లో అర్థం ముప్పు కాదు, దొర అధికారం. ఒకరి డేంజర్‌లో ఉన్నామంటే వాళ్ల చేతిలో ఉన్నామని. ఉంచితే ఉంటాం, ముంచితే మునుగుతాం. ఆ భయమే పోనుపోను మాటకి అర్థమైపోయింది."

"అయితే ఇరవయ్యేళ్లుగా నేను..."

"మీరు?"

"రంగు గడ్డకట్టేస్తది. వస్తానండి."

తుపాను గాలిలో నిచ్చెన మీద ఒంటికాలిపై నిలబడి బోర్డులు రాసిన మనిషి, ఆ ఒక్క వాక్యం పూర్తిచెయ్యలేక వీధి చివరిదాకా తిట్టుకుంటూ నడిచేడు.

ఈ జనవరిలో ఆవిడ తమ్ముడు ఫెలిక్స్, "ఒక్కదానివీ ఎన్నాళ్లుంటావక్కా," అని గాజువాకలో తన ఇంటికి రమ్మన్నాడు. ఆవిడ సరేనంది. దిలీప్ ఆటో వచ్చింది. ఏనుగు ఎత్తలేని పుస్తకాల పెట్టెని తాతబ్బాయి ఒక్కడే ఎత్తి ఆటోలో పెట్టేడు. నోరు మాత్రం ఎత్తలేకపోయేడు.

దిలీప్ బండి స్టార్ట్ చేసేడు. ఎదురుగా ఆగిన చెరుకు ట్రాక్టరు రేకు మీంచి ఆరక్షరాలూ దిగొచ్చి ఆటో టాపెక్కేయి.

"ఇవెక్కిన బండి నేను తియ్యనండి, దిగిపోండి!" అన్నాడు దిలీప్. బ్రేకు చూసేరు, టైర్లు చూసేరు. బాగానే ఉన్నాయి. రెండో ఆటో తెచ్చేరు. అక్షరాలు దానిమీదికి మారేయి. మూడోదానికీ అంతే. మూడింటి బోల్టులూ విప్పి రోడ్డు మీద పరిచేరు. ఎక్కడా లోపం లేదు.

ఫెలిక్స్ ఫోన్ చేసేడు. "ఎంతవరకొచ్చేవక్కా?"

"గేటు దాకా," అంది. ఫోన్ పెట్టేసి తాతబ్బాయి వైపు తిరిగింది. "బళ్లలో ఏమీ లేదు. మీరు రాసినవే కదా. దేనికి భయపడుతున్నాయో మీరే చెప్పండి."

అతను పుస్తకాల పెట్టె మీద చెయ్యి వేసేడు.

"ఎల్లిపోకండి," అన్నాడు. "మీరు లేని ఊళ్లో నేనుండలేనండి."

"ఇది సెప్పడానికి మూడాటోలు ఇప్పించేవా బాబాయ్!" అన్నాడు దిలీప్.

అక్షరాలు ఒక్కొక్కటే దిగి చెరుకు బండి వైపు వెళ్లిపోయేయి.

"ఈ మాట కోసమే ఒకప్పుడు చర్చి నుంచి చుట్టుదారిలో, మీ షాపు ముందు నుంచి వచ్చేదాన్ని," అందావిడ. "ఎండలో కూడా." తర్వాత పైటచెంగుతో మొహం తుడుచుకుంది. "పెట్టె ఇంట్లో పెట్టండి."

తాతబ్బాయి వంగి పట్టుకున్నాడు. ఈసారి పెట్టె లేవలేదు.

ఆవిడ రెండో వైపు పట్టింది.