చలికి అలవాటైన మనిషి

పెనం మీద కళ్లుప్పు చిటపటలు ఆగాయి. దేముడమ్మ దాన్ని అట్లకాడతో ఒకసారి కలియబెట్టి, పాత లుంగీ ముక్కలో పోసి మూట కట్టింది. ముందు తన చెంపకి ఆనించుకుని వేడి చూసుకుంది. తరవాత గుమ్మంలో పీట మీద కూర్చున్న ఎల్లాజీ కుడి చేతిని ఒళ్లోకి లాక్కుని, వేళ్ల కణుపుల మీద అద్దసాగింది.

తెల్లవారేసరికి ఆ చెయ్యి పూర్తిగా ముడుచుకోదు, పూర్తిగా చాచుకోదు. గోళ్ల చుట్టూ చర్మం నానిన శనగపొట్టులా తెల్లగా ముడతలు పడి ఉంటుంది. వేడి దిగుతున్న కొద్దీ చిటికెన వేలు ముందుగా లొంగుతుంది, చూపుడు వేలు అన్నిటికన్నా ఆఖరున. అది కూడా వంగాక దేముడమ్మ తన మణికట్టు అందిస్తుంది. అతను పట్టుకుంటాడు. పట్టు బిగిసిందంటే ఆ రోజు పనికి వెళ్లొచ్చని అర్థం. ఈ సంగతి వాళ్లిద్దరికి తప్ప పేటలో ఎవరికీ తెలియదు. పిల్లల్లేని ఇల్లు. మాట బయటికి మోసుకుపోయేవాళ్లు కూడా లేరు.

"నిన్నటికన్నా గట్టిగున్నాది," అందామె.

"అబద్దమాడకే."

"నా సెయ్యి నొప్పెడతంటే అబద్దమేటి?"

అతను నవ్వి చెయ్యి వదిలాడు. ఆమె ఖాళీ చేపల గంప నెత్తిన పెట్టుకుని రేవు వైపు నడుస్తూ, గుమ్మం దిగాక వెనక్కి తిరగకుండానే గుర్తు చేసింది. మధ్యాహ్నం ధనరాజు ఫోను చేస్తాడు. ఈసారి అవుననో కాదనో ఏదో ఒకటి చెప్పాలి.

ధనరాజు ఆమె తమ్ముడు. హిమాచల్‌లో ఆపిల్ పళ్లు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో మూడేళ్లుగా పని చేస్తున్నాడు. అక్కడ కంప్రెషరు చూసుకునే మనిషి మానేశాడట. పళ్లు దిగే రోజులు దగ్గరపడ్డాయి, పని తెలిసిన మనిషి కావాలి. గది ఇస్తారు, జీతం ఇక్కడి కన్నా బాగా ఎక్కువ. మా బావ ఉన్నాడు, పాతికేళ్లుగా ఐసు ఫ్యాక్టరీలోనే ఉన్నాడని వాడు అక్కడ చెప్పేశాడు కూడా.

ఇక్కడ చూస్తే ఫ్యాక్టరీ నెలాఖరుకి మూతపడుతోంది. వేటకి వెళ్లే పడవలు తగ్గాయి. రొయ్యల బళ్లు ఐసు వాటి వెంటే తెచ్చుకుంటున్నాయి. కిందటి తుపానుకి సముద్రం ముందుకొచ్చి తూర్పు గోడ పునాది నాకేసింది. గుమస్తా నరసింగరావు మంచివాడు, ఊరికే వదిలెయ్యలేదు. రాజాంలో తనకి తెలిసిన కాలేజీలో గేటు దగ్గర వాచ్‌మన్ పని ఉందని, కావాలంటే మాట్లాడతానని అన్నాడు. కుర్చీ వేస్తారు, టోపీ ఇస్తారు. బరువెత్తక్కర్లేదు. పగలంతా ఎండపొడ తగిలే చోటు.

ఎల్లాజీ వారం రోజులుగా ఈ రెండింటినీ మనసులో అటూ ఇటూ తూస్తున్నాడు. తూచేటప్పుడు ఒక పక్క తన చేతుల్ని పెట్టేవాడు. రెండో పక్క ఏం పెడుతున్నాడో దేముడమ్మకి కూడా చెప్పలేదు.

ఫ్యాక్టరీలో ఆ పూట ఒక వరస డబ్బాలే తీయాల్సి ఉంది. ఉప్పునీటి తొట్టి మీద చెక్క మూత పక్కకి జరిపి, గొలుసు తగిలించి డబ్బాని పైకి లాగాడు. మామూలు నీళ్లలో ముంచి ఒంచగానే దిమ్మ సర్రున జారి నేల మీద పడింది. కొక్కెం వేసి దాన్ని నిలవ గదిలోకి ఈడ్చుకుపోయాడు. ఆ గది తలుపు జానెడు మందం. లోపల ఊపిరి పొగలా కనిపిస్తుంది, మాట కొంచెం మొద్దుబారినట్టు వినిపిస్తుంది.

పడవకి ఐసు పట్టుకెళ్లడానికి వెంకీ వచ్చాడు. వరసకి మేనల్లుడు. మంచుకొండల కబురు పేటంతా తెలిసిపోయింది.

"నీకు సలేటి మావా, నువ్వు ఐసులోనే పుట్టినోడివి. ఆళ్లే నిన్ను సూసి దుప్పటి కప్పుకుంతారు," అన్నాడు గంపలోకి ఐసు పొడి తోడుకుంటూ.

ఎల్లాజీ కూడా నవ్వాడు. అందరూ అనేది అదే. నరసింగరావు అన్నాడు, టీకొట్టు ఆమె అంది, ధనరాజయితే అక్కడి మేనేజరుకి ఆ మాట చెప్పే ఒప్పించాడు. చలికి అలవాటైన మనిషి అని.

నాలుగు దిమ్మలు పేర్చడం పూర్తవగానే అతను పడమటి తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. అది రోజూ చేసేదే. శ్రావణ మాసపు ఎండ ఇసకలో ఉడుకుతోంది. గోడకి వీపు ఆనించి, అరచేతులు వెనక్కి తిప్పి సున్నపు గోడ మీద పరిచాడు. వేడి ముందు చర్మానికి, తరవాత ఎముకకి తగిలింది. వేళ్లు తమంతట తాము కదిలేదాకా అలాగే నిలబడ్డాడు. అతను నిలబడి నిలబడి ఆ గోడ మీద భుజాల ఎత్తున ఒక మరక పడింది. తలుపు అవతల ఎండ ఉందన్న ధీమాతోనే ఇన్నేళ్లూ ఆ గదిలోకి వెళ్లాడు. ఎండలేని చలి ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఆ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారని అనలేదు.

లోపలికి వచ్చి కంప్రెషరు గదిలో కూర్చున్నాడు. అది వెచ్చగా, నూనె వాసనతో ఉంటుంది. ఆపరేటరు మానేసి వెళ్లిపోయాక ఏడెనిమిదేళ్లుగా దాన్ని చూసుకుంటున్నది ఎల్లాజీయే. అయినా డబ్బాలు లాగే మనిషిగానే హాజరు పడుతుంది. బెల్టు వదులయితే చప్పుడులో తెలుస్తుంది. గ్యాసు తగ్గితే గొట్టం మీద పేరే మంచు పలచబడుతుంది. ఎవరూ చెప్పకపోయినా రోజూ గేజీ అద్దం తుడుస్తాడు. పెళ్లికి వెళ్లే మనిషి చొక్కా గుండీ సవరించినట్టు, చివర్లో ఒకసారి వేలితో రుద్దుతాడు.

ధనరాజు ఫోను అప్పుడే వచ్చింది. మిషను చప్పుడులో మాట సరిగ్గా వినబడక ఎల్లాజీ బయటికి నడిచాడు. ధనరాజు ముందు జీతం మళ్లీ చెప్పాడు, గది చెప్పాడు, వండుకోవడానికి స్టవ్ ఉందన్నాడు. మనవైపు వాళ్లు పదిమంది దాకా ఉన్నారన్నాడు. అంతా విని ఎల్లాజీ ఒకటే అడిగాడు.

"ఎండుంటాదా?"

అవతల ధనరాజు గొంతు తగ్గించాడు. "ఉంటాది బావా. మంచు పడ్డాక కూడా తెల్లగా కాస్తాది. గాని అది ఎలుతురే, ఏడి కాదు." మళ్లీ తనే సర్దాడు. "మిషను గది ఏడిగుంటాది. నీ పని లోపలే కదా. నీకేటి పర్లేదు. మా అప్పే ఆ సలికి ఉండగలదో లేదో, నాకదే బెంగ."

సాయంత్రం చెబుతానని ఎల్లాజీ ఫోను పెట్టేశాడు. వెలుతురే, వేడి కాదు. ఆ మాట పట్టుకుని తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కాలేజీ గేటుకే వెళ్లాలనిపించింది. రోజూ పొద్దున్న దేముడమ్మ చేపల గంపతో రాజాం బస్సెక్కుతుంది. తనూ అదే బస్సెక్కొచ్చు. చేతులు కూడా కుదుటపడతాయి. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాడు. అనుకుంటూనే మిషను గదిలోకి వెళ్లి బెల్టు సరిచూశాడు.

పొద్దు వాలబోతుండగా ఆఖరి దిమ్మ ఈడ్చుకుంటూ నిలవ గది తలుపు తీసేసరికి, లోపల ఎవరో కూర్చుని ఉన్నారు. కొక్కెం వదిలేసి దగ్గరికి వెళ్లాడు. రెండు దిమ్మల మధ్య గోనెపట్టా పరుచుకుని, తలకీ చెవులకీ తువ్వాలు చుట్టుకుని దేముడమ్మ. ఖాళీ గంప పక్కనే ఉంది. రాజాం నుంచి ఇంటికి పోకుండా తిన్నగా ఇక్కడికే వచ్చి, అతను అటు తిరిగినప్పుడు లోపలికి దూరినట్టుంది. పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి.

"ఇక్కడేటి సేస్తన్నావే?"

"సూసుకుంతన్నాను," అంది పళ్లు కొట్టుకుంటుంటే. "నీతోటొస్తే ఉండగలనో నేదో."

అతనికి కోపం వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. రెండూ బయటికి రాకుండానే ఆమె చెయ్యి పట్టుకుని లేపి, పడమటి తలుపు గుండా బయటికి నడిపించాడు. ఆ గోడ దగ్గర, తను నిలబడే చోటే నిలబెట్టాడు. ఆమె అరచేతులు తీసుకుని రుద్దసాగాడు. రోజూ తన చేతుల్ని ఆమె రుద్దుతుంది. ఆమె చేతులు ఇంత చిన్నవని అతను ఎప్పుడూ గమనించలేదు. చేపల పొలుసు ఒకటి బొటనవేలి పక్కన అంటుకుని ఎండకి మెరిసింది.

దేముడమ్మ వీపుకి గోడ వేడి తగిలింది. పక్కకి తిరిగి ఆ మరక చూసింది. దాన్నీ, అతని భుజాలనీ మార్చి మార్చి చూసింది.

"రోజూ ఇక్కడే నిలబడతావా?"

"ఊఁ."

"అక్కడ ఇలాటి గోడుండదు కదా?"

"ఉండదు. గేటు పనికి ఒప్పుకుంతాను. రోజూ నీతోటి బస్సెక్కొచ్చు."

ఆమె తల అడ్డంగా ఊపింది. తువ్వాలు విప్పి దులిపి భుజాన వేసుకుంది. తరవాత, చేపల బేరం తెగ్గొట్టేటప్పుడు మాట్లాడినంత నెమ్మదిగా అంది.

"నాకు తెల్దేటి మావా? నీ మనసా మిషను మీదున్నాది. నిద్దట్లో కూడా సప్పుడింతావు. నువ్వు టోపీ ఎట్టుకుని గేటు కాడ ఈల ఊదుకుంతా కూకుంటే, గంపెత్తుకుని ఆ దారంటెల్లి నాను సూడనేను."

"సేతులో?"

"ఉప్పు అక్కడా దొరుకుతాది. పట్టు సూసుకోడానికి నా సెయ్యే ఉండదు. ఏ గరిటో పట్టుకో." కొంచెం ఆగి, "నా వల్ల కాదు. ఉన్నది ఉన్నట్టు సెప్తన్నాను. ఆ గదిలో నా ఊపిరి నాకే అందలేదు. నువ్వెల్లు. ఎండలు ముదిరే ముందు వచ్చి నా కంటికి కనపడు. సేతులు మరీ మొరాయించినాయంటే మద్దెలోనే వచ్చీ. ఎవులేటనుకున్నా పర్లేదు," అంది.

ఆమె చేతులు అప్పటికే వెచ్చబడ్డాయి, అయినా రుద్దుతూనే ఉన్నాడు. ఎండ వాళ్ల పాదాలు వదిలి గోడ పైకి ఎక్కేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆ రాత్రి ధనరాజుకి ఫోను చేసి, "వస్తన్నాను," అని ఒక్క మాటే చెప్పాడు. ఆపరేటరుగానే కదా అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

మూడో రోజుకి టిక్కెట్టు దొరికింది. దేముడమ్మ రాజాంలో స్వెట్టరు, మెడ దాకా వచ్చే టోపీ కొనుక్కొచ్చింది. ఎండు చేపల పొట్లం వాసన రాకుండా మూడు సంచుల్లో చుట్టింది. ప్రయాణం గురించి మాత్రం ఇద్దరూ మాట్లాడుకోలేదు.

బయల్దేరే రోజు చీకటితోనే ఆమె లేచింది. అతను లేచేసరికి తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, గంప తీస్తోంది. టీ కూడా పెట్టలేదు. అతని చేతి మీద మూట అద్ది, మణికట్టు ఇచ్చి, పట్టు చూసింది. గట్టిగుందనో లేదనో అనలేదు. గంప నెత్తిన పెట్టుకుని గుమ్మం దిగి, మాట లేకుండా వెళ్లిపోయింది.

ఎల్లాజీ కాసేపు ఆ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇవాళ కూడా బేరానికే పోయింది అనుకున్నాడు. లేచి స్టవ్ వెలిగించుకుని తనే టీ కాచుకున్నాడు. తాగాడు. కొత్త బూట్లు వేసుకున్నాడు. సంచి భుజానికి తగిలించుకుని తలుపు దగ్గరికి వేశాడు.

సందు మలుపు తిరిగేసరికి ఎదురుగా దేముడమ్మ వస్తోంది.

గంప నిండా కవళ్ల చేపలు. అప్పుడే పడవ దిగినవి, తొలి వెలుగుకి వెండిలా ఉన్నాయి. పేటలో ఎవరైనా దూరం వెళ్తుంటే చేపల గంప ఎదురు రావాలని కోరుకుంటారు. అంతకన్నా మంచి శకునం లేదంటారు. ఎదురొచ్చిన మనిషి పలకరించకూడదు, ఎక్కడికని అడగకూడదు, ఆగకూడదు. తన పని మీద తను పోతున్నట్టే పోవాలి. వేటకి ఎక్కడో దూరాన ఉన్న వెరావలు రేవుకి వెళ్లే మగవాళ్లకి ఎందరికో ఆమె అలా ఎదురొచ్చింది.

ఎల్లాజీ పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఆమె మెడ నిటారుగా ఉంది. చూపు అతని భుజం మీదుగా ఎటో ఉంది. గంపలోంచి కారిన నీటిచుక్క ఒకటి ఆమె చెంప మీదుగా జారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. దాటిపోయింది. అతను కూడా వెనక్కి తిరగలేదు. బస్సు రోడ్డు దాకా తల ఎత్తి, బడికి కొత్తగా పోయే పిల్లాడిలా, బూటుకాళ్లు గట్టిగా వేస్తూ నడిచాడు.

దేముడమ్మ ఇంటికి వచ్చి వాకిట్లో గంప దించింది. బస్సు హారన్ వినబడి, దూరమై, ఆగిపోయేదాకా తలుపు పట్టుకుని నిలబడింది. తరవాత లోపలికి వెళ్లింది. స్టవ్ పక్కన, ఆమె గ్లాసులో టీ. దాని మీద చిన్న పళ్లెం బోర్లించి ఉంది.