తోడికోడలి తరగతిలో

"బడిలో నన్ను పేరు పెట్టి పిలవొద్దక్కా. మేడం అను. పిల్లలు వింటుంటారు కదా" అంది నా తోడికోడలు, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

అప్పటికి నేను అయిదు లంచ్ బాక్సులు సర్ది, అత్తగారి మాత్రలు గిన్నెలో వేసి, ఆరేసిన బట్టలు తీసి మడతలు పెట్టి, జుట్టు దువ్వుకోవడానికి అద్దం ముందుకి వచ్చాను. అలాగే అన్నాను. అది నా ఉద్యోగంలో మొదటి రోజు. ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో మొదటి ఉద్యోగం. ఆ బడిలో చిన్న తరగతులకి టీచరుతో పాటు సాయంగా ఒక మనిషిని పెడతారు. ముక్కులు తుడవాలి, బూట్ల తాళ్ళు కట్టాలి, నోటుపుస్తకాలు పంచాలి, చార్టులు కత్తిరించాలి. పిల్లలు టీచర్ని మేడం అంటారు, ఈ మనిషిని ఆంటీ అంటారు. ఖాళీ ఉందన్న కబురు తెచ్చింది నా తోడికోడలే. "ఇంట్లో ఊరికే కూర్చునే బదులు వెళ్ళిరా. నాలుగున్నరకల్లా వచ్చేస్తావుగా, సాయంత్రం పనికి అడ్డం రాదు" అన్నారు అత్తగారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో నేను ఎప్పుడు ఊరికే కూర్చున్నానో గుర్తు తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాను. "సరదాగా ఉంటుంది లే నీకు" అన్నారు మా ఆయన.

నా తోడికోడలి మీద నాకున్న కుళ్ళు ఈనాటిది కాదు. పెళ్ళి కోసం నేను డిగ్రీ రెండో ఏడుతో ఆపేశాను. ఆమె మా ఇంటికి వచ్చేనాటికే డిగ్రీ చేతిలో ఉంది. కొడుకు పుట్టాక టీచరు ట్రైనింగులో చేరతానంది. అదే నెలలో నేను కూడా ధైర్యం చేసి మూడో ఏడు పరీక్షలు రాస్తానన్నాను. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, "ఇద్దరూ పుస్తకాలు పట్టుకుంటే పొయ్యి దగ్గర ఎవరుంటారు?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. నిజంగా సందేహం వచ్చినట్టు అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు నేనే అని అందరికీ తెలుసు. ఆమె క్లాసులకి వెళ్ళింది. ఆమె ఆరునెలల కొడుకు నా ఒళ్ళో పెరిగాడు. పరీక్షల ముందు ఆమె వంటింటి గట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకుని జవాబులు చెబుతుంటే, నేను ఒక చేత్తో ఆమె గైడు పట్టుకుని తప్పులు దిద్దేదాన్ని. బోధనా పద్ధతులు నాకూ నోటికి వచ్చాయి. ఆమె పాసైంది. నేను పాసవడానికి అసలు పరీక్షే లేదు.

అందుకే బడిలో నన్ను ఆమె క్లాసులో వేయకపోవడం నాకు పెద్ద ఊరట. నన్ను నర్సరీలో వేశారు. ఆ టీచరు రిటైర్మెంటుకి దగ్గరపడిన పెద్దావిడ. కీళ్ళనొప్పులు. కుర్చీలోంచి ఆవిడ పాట మొదలుపెట్టేవారు, గదంతా తిరుగుతూ నేను ఆడించేదాన్ని. మూడు వారాలు పోయేసరికి ఏడుపు మొహాలతో వచ్చే పిల్లలు గుమ్మంలో నన్ను వెతుక్కునేవాళ్ళు. ఇంట్లో నన్ను వెతుక్కునేది ఏదైనా కనపడనప్పుడే.

నాలుగో సోమవారం ఆఫీసు గుమస్తా చిన్న చీటీ తెచ్చి ఇచ్చాడు. రేపటి నుంచి రెండో తరగతి, బి సెక్షన్. అక్కడి ఆంటీ కాన్పుకి వెళ్ళింది. అది నా తోడికోడలి క్లాసు. సాయంత్రం ఇంటికి నడుస్తూ, "నేనేం అడగలేదక్కా" అంది ఆమె, నేనేమీ అనకముందే.

మర్నాడు వెనక బెంచీలో కూర్చుని మొదటిసారి ఆమె పాఠం విన్నాను. తీసివేతలు. యాభై రెండులోంచి ఇరవై ఏడు. రబ్బరు బ్యాండ్లు వేసిన పుల్లల కట్టలు అయిదు, విడిపుల్లలు రెండు బల్ల మీద పెట్టింది. రెండులోంచి ఏడు ఎలా తీస్తారని అడిగి, పిల్లలు తలలు పట్టుకునేదాకా ఆగింది. అప్పుడు ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు మెల్లగా లాగేసింది. పది పుల్లలూ బల్ల మీద పరుచుకున్నాయి. క్లాసంతా ఒక్కసారి "ఆఁ" అంది. నేను కూడా అన్నాను. మాకు చిన్నప్పుడు పక్కింటినుంచి ఒకటి తెచ్చుకొమ్మనేవారు, ఎందుకు తెచ్చుకోవాలో ఎవరూ చెప్పలేదు. ఆమె చెప్పింది. అదీ నా కడుపుమంట. ఆమె చేతకానిదైతే ఎంత బాగుండేది. నేను వదులుకున్నది ఒక తెలివితక్కువ మనిషి చేతిలో పాడవుతోందని జాలిపడుతూ బతికేదాన్ని. ఆమెకి పని వచ్చు. గొంతు పెంచకుండా నలభై మందిని కూర్చోబెట్టగలదు. "ఆంటీ, ఆ పుల్లలన్నీ ఏరి కట్టలు కట్టెయ్యండి" అంది నన్ను. మీరు అంది. ఆ గౌరవం చెంపదెబ్బలా తగిలింది.

ఆ క్లాసులో ఒక పిల్ల ఉంది. గొంతు పెగలదని పిల్లలు ఎగతాళిగా దాన్ని పిచ్చుక అనేవాళ్ళు. పుస్తకం ఇచ్చి చదవమంటే లేచి నిలబడి, పెదవులు బిగించి, గంట కొట్టేదాకా అలాగే ఉండేది. నా తోడికోడలు బతిమాలింది, బహుమతి ఆశ పెట్టింది, ఒకరోజు విసుక్కుంది కూడా. ఒక మధ్యాహ్నం నేను మెట్ల కింద కూర్చుని చార్టు కత్తిరిస్తుంటే పిచ్చుక వచ్చి నా వీపుకి వీపు ఆనించి కూర్చుంది. కాసేపటికి వెనకనుంచి సన్నగా గొంతు వినిపించింది. కుందేలు పాఠం. ఒక్క అక్షరం తప్పు పోకుండా చదువుతోంది. నేను కత్తెర ఆపి తల తిప్పగానే ఆగిపోయింది. మళ్ళీ కత్తిరించడం మొదలుపెడితే మళ్ళీ చదివింది. ఆ పిల్లకి చదవడం వచ్చు. ఎవరైనా తనని చూస్తుంటేనే రాదు. నాకు ఆ సంగతి అర్థం కావడానికి ఏ ట్రైనింగూ అక్కర్లేకపోయింది.

అది నేను ఎవరికీ చెప్పలేదు. రోజూ మెట్ల కిందికి వెళ్ళేవాళ్ళం. రేపు చెబుదాం అనుకునేదాన్ని, రేపు రాగానే నోరు మెదిపేదాన్ని కాదు. డిగ్రీ ఉన్న ఆమెకి, ట్రైనింగు ఉన్న ఆమెకి, అత్తగారు ఇరుగుపొరుగుకి "మా టీచరు కోడలు" అని చూపించుకునే ఆమెకి దొరకనిది ఒకటి నాకు దొరికింది. దాన్ని మూడు వారాలు దాచుకున్నాను. క్లాసులో పిచ్చుక నోరు విప్పక ఆమె మొహం వాడిపోయినప్పుడల్లా నాకు హాయిగా ఉండేది. ఆ హాయిని నేను సిగ్గుపడకుండా అనుభవించాను.

తల్లిదండ్రుల్ని పిలిచిన రోజు నేను కుర్చీలు వేసి, గ్లాసుల్లో మంచినీళ్ళు పెట్టి, గోడ పక్కన నిలబడ్డాను. పిచ్చుక వాళ్ళమ్మ పనిలోంచి సరాసరి వచ్చినట్టుంది, చేతులకి ఇంకా పిండి ఉంది. "చదవడం అసలు రావట్లేదండీ. మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెడితే మంచిది" అంది నా తోడికోడలు, నెమ్మదిగానే. ఆ తల్లి చాలాసేపు చేతులు తుడుచుకుంది. "ఇంట్లో ఎవరికీ చదువు లేదు మేడం. దానికైనా వస్తుందనుకున్నాం. మా పోలికే వచ్చినట్టుంది" అంది. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే ఒక్క మాట. తెరవలేదు. ఆవిడ లేచి, నాక్కూడా దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఆ రోజు ఇంట్లో ఏం వండానో, ఎవరికి ఏం వడ్డించానో నాకు గుర్తు లేదు. ఆ దణ్ణమే కళ్ళ ముందు ఉంది. నా కుళ్ళు ఆమె మీదే అనుకున్నాను. అది వెళ్ళి ఏడేళ్ళ పిల్ల మీద పడింది.

మర్నాడు గంట కొట్టకముందే నా తోడికోడల్ని మెట్ల దగ్గరికి రమ్మన్నాను. మెట్ల మలుపు చాటున నిలబడమన్నాను. నేను చార్టు కత్తిరిస్తూ కింద కూర్చుంటే పిచ్చుక వచ్చి వీపు ఆనించి రెండు పేజీలు చదివింది. ఆమె వింది. క్లాసుకి వెళ్ళిపోయింది. ఆ రోజు తెలుగు పీరియడులో పిల్లలందర్నీ గోడవైపు తిరిగి నిలబడమని, ఒక్కొక్కర్నీ అలాగే చదవమంది. అదొక ఆట అనుకున్నారు వాళ్ళు. పిచ్చుక వంతు వచ్చింది. గోడకి ముక్కు ఆనించి అది కూడా చదివింది. ఆమె ఆఫీసుకి వెళ్ళి, తల్లికి ఫోను చేసి, పిల్ల రెండో తరగతిలోనే ఉంటుందని చెప్పి వచ్చింది. నా గుండెల మీదినుంచి బరువు దిగింది. దిగిన చోటే మళ్ళీ ఒళ్ళు మండింది. గోడవైపు తిప్పాలన్న ఆలోచన నాకు ఎందుకు రాలేదు?

రెండు రోజులకి మళ్ళీ చీటీ వచ్చింది. నాలుగో తరగతి, ఎ సెక్షన్. ఈసారి నేను చీటీ పట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళాను. "నా వల్ల ఏదైనా తప్పు జరిగిందా మేడం?" అని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తప్పేం లేదమ్మా. మీ తోడికోడలే అడిగింది. పిల్లలు ప్రతిదానికీ మిమ్మల్ని అడుగుతున్నారట, ఆమె పాఠం చెబుతుంటే వెనక్కి తిరిగి మిమ్మల్ని చూస్తున్నారట. మీరు ఆ గదిలో ఉంటే తను టీచర్ననే అనిపించట్లేదంది. ఇంతకీ మీరు ఎంతవరకు చదివారు?"

రెండేళ్ళు, డిగ్రీ, అన్నాను. ఆవిడ ఇంకేదో చెబుతున్నారు. దూరవిద్య, వచ్చే నెలాఖరు గడువు, పాత మార్కుల కాగితాలు. నేను సగమే విన్నాను. నా చెవుల్లో ముందరి మాటే తిరుగుతోంది. నన్ను చూసి ఒకరు కుళ్ళుకుంటున్నారు. పద్దెనిమిదేళ్ళలో నన్ను చూసి జాలిపడ్డారు, విసుక్కున్నారు, నా చేతి వంట మెచ్చుకున్నారు. కుళ్ళుకున్నవాళ్ళు లేరు.

సాయంత్రం గేటు దగ్గర ఆమె నాకోసం ఆగింది. సగం దూరం వచ్చాక అడిగింది.

"పిచ్చుకకి చదవడం వచ్చని నీకు ఎన్నాళ్ళనుంచి తెలుసక్కా?"

"మూడు వారాలు."

"మరి చెప్పలేదేం?"

"కుళ్ళు" అన్నాను.

ఆమె ఆగిపోయింది. ఎదురుగా సైకిలు వస్తే ఇద్దరం పక్కకి తప్పుకున్నాం.

"నన్ను మార్పించింది నువ్వేనటగా" అన్నాను.

"ఊఁ."

"ఎందుకు?"

"అదే" అంది నేలవైపు చూస్తూ. "ట్రైనింగులో నాకు రెండేళ్ళు చెప్పారు. నువ్వు చార్టు కత్తిరిస్తూ పట్టేశావు. నాకు నిద్ర పట్టలేదు" అంది.

నేను నవ్వానో, ఏడ్చానో తెలియదు. ఇద్దరు ఆడవాళ్ళకి కలిపి ఒక్క చదువు ఇచ్చి, అదెవరిదో మమ్మల్నే తేల్చుకోమన్నారు. ఇన్నేళ్ళూ మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని మండిపోయాం. ఇచ్చినవాళ్ళ వైపు తల తిప్పి చూడలేదు.

"నేను మూడో ఏడు పరీక్షలు రాస్తున్నా. రేపటినుంచి ఇంటికి రాగానే గంటన్నర తలుపేసుకుని చదువుకుంటా. ఆ గంటన్నరలో ఎవరికి ఏం కావాలన్నా నన్ను పిలవొద్దు" అన్నాను.

"అత్తయ్యగారు ఊరుకుంటారా? బావగారు ఏమంటారు?"

"ఏదో అంటారు. తలుపు బయట అంటారు."

ఆమె తల తిప్పి నావైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. వంటింట్లో ఆమె గైడు పట్టుకుని తప్పులు దిద్దిన రోజులనుంచీ నేను ఆమెను చూస్తున్నది ఆ చూపుతోనే.