మసకయ్య షాట్

నా ఉద్యోగం తప్పులు వెతకడం. మా అత్తగారికి అది పుట్టుకతో వచ్చిన విద్య, నాకు మాత్రం దానికి జీతం ఇస్తారు. పాత సినిమాలను శుభ్రం చేసి, ఇప్పటి పెద్ద తెరలకు సరిపడేలా బొమ్మను పెంచే కంపెనీ మాది. గీతలు, మరకలు పోగొట్టే పని చాలావరకు కంప్యూటరే చేస్తుంది. చేసింది బాగుందో లేదో చూసి పాస్ చెయ్యడమో, వెనక్కి పంపడమో నా పని.

కంప్యూటర్‌కి శ్రద్ధ ఎక్కువ, బుద్ధి తక్కువ. వాన పడుతుంటే గీతలనుకుని తుడిచేస్తుంది. పాపం హీరో ఎండిన వీధిలో గొడుగేసుకుని నడుస్తుంటాడు. చెవికమ్మ తళుక్కుమంటే దుమ్మనుకుని తీసేస్తుంది. ముసలి పాత్రల ముఖాలకు ఇస్త్రీ చేసి పెడుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఇలాంటివన్నీ పట్టుకుని వెనక్కి పంపుతుంటాను కాబట్టి ఆఫీసులో నన్ను చూసి ఎవరూ నవ్వరు. నవ్వితే పళ్ళకు కూడా వంకలు పెడతానని భయం.

అలాంటిదాన్ని, ఆ వారం ఒక షాట్ ముందు ఎటూ తేల్చుకోలేక కూర్చుండిపోయాను.

ఆ సినిమాకి మా నాన్న పనిచేశారు. కెమెరా వెనక కాదు, పక్కన. నటులు ముందుకూ వెనక్కూ కదులుతుంటే, టేపుతో ముందే కొలిచి పెట్టుకున్న దూరాలను బట్టి లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ ముఖాన్ని తేటగా ఉంచడం ఆయన పని. బాగా చేసినన్నాళ్ళూ అలాంటి మనిషొకడు ఉన్నాడని కూడా ఎవరికీ తెలియదు. ఒక్కసారి చెయ్యి తప్పితే మాత్రం ఊరంతా చూస్తుంది.

నాన్న చెయ్యి తప్పింది ఈ సినిమాలోనే. ఆసుపత్రి వరండా. బిడ్డకు గండం గడిచిందని అప్పుడే విన్న తల్లి, అటు చివర నుంచి కెమెరా వైపు నడిచి వస్తుంది. ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఉంటాయి. సరిగ్గా దగ్గరికి వచ్చి ఆగేసరికి ముఖం మసక. కాసేపు అలాగే ఉండి మళ్ళీ తేటపడుతుంది. సినిమాలో ఆ షాట్ అలాగే ఉండిపోయింది, నాన్నకు ‘మసకయ్య’ అన్న పేరూ ఉండిపోయింది. ఆ తర్వాత ఎన్ని సినిమాలకు వెంట్రుకవాసి తేడా లేకుండా పనిచేసినా ఆ పేరు వదల్లేదు. ఫోను తీస్తే “మసకయ్య ఉన్నాడా?” అనే అడిగేవారు. మా అమ్మయితే, “నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా మసగ్గానే చూసుంటారు, లేకపోతే ఒప్పుకునేవారా!” అని ఏడిపించేది. నాన్న నవ్వేసేవారు. ఆ నవ్వు చూస్తే నాకు మాత్రం ఒళ్ళు మండేది. మనిషన్నాక కాస్త రోషం ఉండొద్దా అనుకునేదాన్ని.

ఇప్పుడు కంప్యూటర్ ఆ మసకను మాయం చేసేసింది. నా ముందు తెర మీద ఎడమ పక్క పాత బొమ్మ, కుడి పక్క కొత్తది. కొత్తదాంట్లో ఆమె కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. చిక్కల్లా ఆ వెంట్రుకలు ఆమెవి కాకపోవడమే. పాత బొమ్మలో లేని వివరం అది ఎక్కణ్ణుంచి తెస్తుంది? వేరే ముఖాలు వేలకు వేలు చూసి నేర్చుకున్నదేదో తెచ్చి అతికించింది. కన్నీళ్ళు ఆవిరైపోయాయి. పెదవి వణుకు పోయి, ఫొటోకి నిలబడ్డ మనిషి నవ్వు వచ్చి కూర్చుంది. ఇంకెవరి సినిమా అయినా మారుమాట లేకుండా వెనక్కి పంపేదాన్ని. కానీ పాస్ అన్నానంటే, ఇకమీదట ఈ సినిమా చూసేవాళ్ళెవరికీ నాన్న తప్పు కనపడదు. ఇన్నేళ్ళు మోసిన పేరును ఆయన ఉండగానే దించెయ్యొచ్చు. అడ్డుపడేవాళ్ళు కూడా లేరు. సినిమా హక్కులు నిర్మాతగారి మనవడివి, అతనికి కావలసిందీ అదే. “ఎక్కడా మసక ఉండకూడదు మేడమ్. జనం వచ్చేదే క్లారిటీ కోసం కదా!” అని మొదటే చెప్పాడు.

పాస్ చేసే ముందు నాన్నకు చూపించాలనుకున్నాను. ఆయన ముఖం వెలిగితే కళ్ళారా చూడాలని ఆశ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చారు. గదిలో అడుగు పెట్టగానే, “కుర్చీ తెరకి మరీ దగ్గరగా ఉందమ్మా, ఒక అడుగు వెనక్కి లాగు” అన్నారు. పని మానేసి ఏళ్ళయినా కంటితో దూరాలు కొలిచే అలవాటు పోలేదు. ఇంట్లో టీవీ ముందు కుర్చీ ఎక్కడ వెయ్యాలో ఆయన సుద్దముక్కతో గీసే గీతను తుడవలేక అమ్మ విసిగిపోయింది.

కొత్త బొమ్మ మాత్రమే వేశాను. వరండా వచ్చింది. ఆమె నడిచి వస్తుంటే నాన్న కుడిచెయ్యి మోకాలి మీద లేని రింగును మెల్లగా తిప్పుతోంది. ఆమె ఆగింది. ముఖం అద్దంలా ఉంది.

“ఎవరమ్మా ఈవిడ?” అన్నారు నాన్న.

“అదేంటి నాన్నా, మీ షాటే. మసక పోయింది. ఇక మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.”

“ఆ ఏడుపేదీ?”

పోయిందని నాకూ తెలుసు.

“పాతది వెయ్యి” అన్నారు. వేశాను. మసక దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది.

“అప్పుడు నువ్వు ఇంతే ఉన్నావు” అని రెండు చేతుల మధ్య మూరెడు దూరం చూపించారు. “జ్వరంతో ఆసుపత్రిలో పడి ఉన్నావు. కళ్ళు తెరవవు, పాలు తాగవు. మీ అమ్మ నీ దగ్గరుంది. నేను రాకపోతే ఇంకొకణ్ణి పెట్టేసుకుంటారని పనికొచ్చాను. సరిగ్గా ఈ షాట్ ముందు కబురొచ్చింది, పిల్ల కళ్ళు తెరిచింది, పాలు తాగిందని. కళ్ళు తుడుచుకునేలోపే స్టార్ట్ అన్నారు. ఆవిడేమో అదే మాట విన్న తల్లిలాగా నడిచొస్తోంది. నాకు రింగు మీద గీతలు కనపడితేగా తిప్పడానికి!”

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు నాన్నా?”

“చెబితే ఆ పేరు నీ మూలంగా వచ్చిందనుకుంటావు. చిన్నపిల్ల నెత్తిన అదెందుకు? అయినా నాకేం బరువనిపించలేదమ్మా. మసకయ్యా అని ఎవరు పిలిచినా నువ్వు పాలు తాగావన్న కబురే గుర్తొచ్చేది.”

చిన్నప్పుడు నా ఒళ్ళు మండించిన నవ్వు అదన్నమాట.

“మరి మిమ్మల్ని పనిలోంచి తీసెయ్యలేదా?”

“తీసేసేవాళ్ళే. డైరెక్టర్ గారు మళ్ళీ తీద్దామని కేకలేశారు. మా కెమెరామన్ గారు నా కళ్ళు చూశారు. ఒక్క మాట అడగలేదు. ‘ఇదే ఉంచండి, ఇక్కడికొచ్చేసరికి చూసేవాళ్ళ కళ్ళు కూడా మసకే’ అన్నారు. నాతో మాత్రం, ‘రేపు పొద్దున్నే రా’ అన్నారు. ఆ మాట మీదే మన ఇల్లు నడిచింది. ఆయన్ని తలుచుకోని రోజు లేదు.”

ఆ కెమెరామన్ గారిని నేనెప్పుడూ చూడలేదు. అయినా మనసులోనే ఆయనకి చేతులెత్తి మొక్కాను. నాన్నతో కూడా ఓ మంచి మాట అనాలనిపించింది గానీ, తప్పులు వెతికే నోటికి ఇలాంటివి అలవాటు లేదు. ఆయన చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను.

షాట్ వెనక్కి పంపాను. గీతలు తీయండి, మరకలు తీయండి, మసక జోలికి మాత్రం వెళ్ళొద్దని రాశాను. నిర్మాత మనవడు లబోదిబోమన్నాడు. “మసక కనపడిందంటే మీరు పనే చెయ్యలేదంటారు మేడమ్!” అన్నాడు. చివరి మాట అతనిదే, నేను కాదనలేను. రెండూ చూసి మీరే చెప్పండని మా ఆఫీసు థియేటర్‌కి పిలిచాను. నాన్నను కూడా రమ్మని వెనక వరసలో కూర్చోబెట్టాను.

సీను మొదటి నుంచీ వేశాను. ముందు కంప్యూటర్ చేసింది. “సూపర్ మేడమ్, ఇంకేం కావాలి” అన్నాడు. తర్వాత రెండోది. గీతలు పోయి తేటగా ఉన్న వరండా, ఆమె అడుగులు, ఆమె ఆగడం, ఆ మసక. అది మళ్ళీ తేటపడి షాట్ అయిపోయాక అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు.

“ఇదే ఉంచండి మేడమ్” అన్నాడు చివరికి. “ఇంకొక్కసారి వేస్తారా? నా అద్దాలకేదో అంటినట్టుంది.”

వెనక వరసలో కుర్చీ కదిలింది. నాన్న లేచి నిలబడ్డారు.

“అద్దాలకేం కాలేదు బాబూ” అన్నారు. “ఆ మసక నాది.”